సరుకు బండ్లకు ఆల్ టెరైన్ టైర్లు ఎక్కడ అవసరం, ఎక్కడ అనర్థం

సంపాదకుల వారికి,

నమస్కారం.

ఎండలు ముదిరే కొద్దీ, టైరు పేలి సరుకు వాహనం బోల్తా పడిందన్న వార్తలు జిల్లా పేజీల్లో తరచుగా కనిపిస్తుంటాయి. ఆ వార్తల్లో అతివేగం గురించి రాస్తారు, అధిక లోడు గురించి రాస్తారు, డ్రైవరు నిద్రమత్తు గురించి రాస్తారు. ఆ బండికి ఉన్నది ఏ రకం టైరు, అది ఆ రోడ్డుకూ ఆ బరువుకూ తగినదేనా అన్న ప్రశ్న మాత్రం ఎక్కడా కనిపించదు. పల్నాడు పల్లెల నుంచి గుంటూరు మిర్చి యార్డుకు, పత్తి జిన్నింగు మిల్లులకు సరుకు తోలే కుటుంబానికి చెందినవాణ్ని కాబట్టి ఈ విషయం కొంత వివరంగా రాయాలనిపించింది. ఇటీవలి కాలంలో మా ప్రాంతంలో పికప్ బండ్లకు కంపెనీ ఇచ్చిన టైర్లు అరిగిపోగానే వాటి స్థానంలో ఆల్ టెరైన్ టైర్లు వేయించే అలవాటు పెరుగుతోంది. వేయించేవారిలో ఎక్కువ మందికి వాటి అవసరం లేదు. కొందరికైతే అవి ప్రమాదకరం కూడా.

ముందుగా ఈ రెండు రకాల మధ్య తేడా ఏమిటో చెప్పాలి. హైవే టైరు మీద చుట్టూ తెగకుండా సాగే గాడులు మూడో నాలుగో ఉంటాయి. లారీలవాళ్లు దీన్ని రిబ్ టైరు అంటారు. గాడికీ గాడికీ మధ్య రబ్బరు ఒకే పట్టీగా ఉంటుంది కాబట్టి రోడ్డుకు ఆనే రబ్బరు ఎక్కువ, చక్రం దొర్లడానికి ఇంజను పడే శ్రమ తక్కువ. స్టీరింగు తిప్పినంతే బండి తిరుగుతుంది, వాన నీరు గాడుల వెంట బయటికి పోతుంది. ఆల్ టెరైన్ టైరులో ఆ పట్టీలను అడ్డంగా కోసి విడివిడి దిమ్మెలుగా చేస్తారు. దిమ్మెల మధ్య సందులు వెడల్పుగా, లోతుగా ఉంటాయి. మెత్తని మట్టిలో, కంకరలో ఆ దిమ్మెల అంచులు నేలను పట్టి బండిని ముందుకు లాగుతాయి. రాళ్లకు కోసుకుపోకుండా పక్కగోడను కూడా చాలా కంపెనీలు మందంగా చేస్తాయి. పెద్ద లారీలు, టిప్పర్లలో ఈ పని చేసేది లగ్ టైరు. రిబ్‌కూ లగ్‌కూ మధ్యరకంగా సెమీ లగ్ కూడా దొరుకుతుంది. వీటిలో ఏదీ నాసిరకం కాదు, ఏదీ మిగతావాటికన్నా గొప్పదీ కాదు. ఒక్కొక్కటి ఒక్కో నేల కోసం తయారైంది.

చిక్కల్లా కొనే దగ్గర వస్తోంది. టైర్ల దుకాణంలో యజమాని అడిగే మొదటి ప్రశ్న ధర, రెండోది వారంటీ. అంతలో దుకాణం కుర్రవాడు దిమ్మెల టైరును దొర్లించుకుంటూ తెచ్చి, “అన్నా, ఇది వేయిస్తే రాళ్లల్లో రప్పల్లో ఎక్కడికైనా పోద్ది, బండి లుక్కే మారిపోద్ది” అంటాడు. బండి ఏ రోడ్ల మీద ఎంత దూరం తిరుగుతుంది, ఎంత బరువు మోస్తుంది, ఏ నెలల్లో ఎక్కువ పని చేస్తుంది అని అతడు అడగడు, మనమూ చెప్పం. పొలం డొంకలో ఒకసారి బండి దిగబడి ట్రాక్టరుతో లాగించిన సంగతి మన మనసులో మెదులుతుంది. ఆ ఒక్క రోజు అవస్థ తలచుకుని, మిగతా ఏడాదంతా నల్లటి తారు మీద తిరిగే బండికి మట్టి టైర్లు వేయించి ఇంటికి వస్తాం.

అందుకే కిలోమీటర్ల లెక్కతో మొదలుపెట్టమని నా మనవి. మాచర్ల వైపు నుంచి మిర్చి టిక్కీలతో, అంటే బస్తాలతో, బయలుదేరిన బొలెరో పికప్‌నే తీసుకుందాం. కల్లం నుంచి ఊరి రోడ్డు దాకా డొంక రెండు మూడు కిలోమీటర్లు ఉంటుంది. అక్కడి నుంచి గురజాల, పిడుగురాళ్ల, సత్తెనపల్లి మీదుగా గుంటూరు యార్డు వంద కిలోమీటర్లకు పైనే, అంతా తారు రోడ్డే. డొంకలో బండి నడిచేది మనిషి నడకకు కాస్త ఎక్కువ వేగంతో. తారు రోడ్డు మీద నడిచేది నిండు లోడుతో, 60 నుంచి 80 కిలోమీటర్ల వేగంతో, ఒక్కోసారి నడి మధ్యాహ్నం. టైరుకు అసలు పరీక్ష ఈ రెండో భాగంలోనే ఉంది. డొంకలో టైరు జారితే పోయేది ఒక గంట సమయం, అదే పెద్ద రోడ్డు మీద టైరు వదిలేస్తే పోయేది ప్రాణం.

నెలల లెక్క కూడా వేసుకోవాలి. మా వైపు మిర్చి కోతలు జనవరిలో మొదలై వేసవి దాకా సాగుతాయి. యార్డుకు సరుకు పోటెత్తేది ఫిబ్రవరి నుంచి. ఆ నెలల్లో డొంకలు ఎండి గట్టిపడి ఉంటాయి. ఎండిన డొంక మీద మంచి గాడి లోతున్న హైవే టైరు ఏ ఇబ్బందీ లేకుండా పోతుంది. కష్టమల్లా ఆగస్టు నుంచి నవంబరు దాకా, అంటే వానలూ తుపాన్లూ ఉన్న కాలంలో. పత్తి తీతలు, వరి కోతలు ఆ కాలం చివరిలోనే మొదలవుతాయి కాబట్టి పత్తి, ధాన్యం తోలే బండ్లకు ఈ సమస్య నిజంగానే ఉంది. మిర్చికే తిరిగే బండి యజమాని మాత్రం తన బండి పని లేకుండా ఇంటి ముందు నిలబడి ఉండే నెలల కోసం టైరు ఎంచుకోవడంలో అర్థం లేదు.

ఇక నల్లరేగడి సంగతి. తడిసిన రేగడిలో ఆల్ టెరైన్ టైరు మనం ఆశించినట్టు పని చేయదు. ఎర్ర మట్టిలో, ఇసుక కలిసిన నేలలో, కంకర బాటలో అది బాగా పట్టు ఇస్తుంది. రేగడి జిగురు మట్టి మాత్రం మొదటి పది ఇరవై చుట్లలోనే దిమ్మెల సందుల్లోకి ఎక్కి పూడుకుపోతుంది. ఒకసారి దిగి చూస్తే గాడులే కనిపించవు. టైరు మొత్తం నున్నటి నల్లటి ముద్దగా తయారై ఉంటుంది, వేలితో గీకితే సందు లోతు అంతా మట్టే. ఆ స్థితిలో అది గాడులు లేని టైరుతో సమానం. సందులు ఇంకా వెడల్పుగా ఉండి, చక్రం తిరిగే వేగానికి మట్టిని బయటికి విసిరేసే మడ్ టైర్లు వేరే ఉన్నాయి, అవి తారు రోడ్డుకు ఇంకా పనికిరావు. పైగా మన పికప్‌లలో ఎక్కువ వాటికి ఇంజను శక్తి వెనుక చక్రాలకే వెళుతుంది. ముందు చక్రాలకు ఎంత లోతు దిమ్మెలున్నా అవి బండిని లాగవు. వాన పడిన రోజున సరుకును ట్రాక్టరు మీద రోడ్డు పక్కకు చేర్చి అక్కడ బండికి ఎత్తే పద్ధతి మన రైతులు ఊరికే పెట్టుకున్నది కాదు. టైరు మార్చినంత మాత్రాన ఆ పద్ధతి మానేయగలమని అనుకోవడం పొరపాటు.

వేడి గురించి కాస్త ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే మా ప్రాంతంలో ప్రాణాల మీదికి తెచ్చేది అదే. మా పక్కనే ఉన్న రెంటచింతల రాష్ట్రంలోనే ఎండలకు పేరుమోసిన ఊరు. తెలంగాణలో రామగుండానికి అలాంటి పేరే ఉంది. గాలిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరిన రోజున తారు రోడ్డు పైభాగం 60 డిగ్రీలు దాటిపోతుంది. దానికి తోడు టైరు తన లోపల తానే వేడిని పుట్టిస్తుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ రోడ్డుకు ఆనిన చోట రబ్బరు నొక్కుకుని, పైకి లేవగానే మళ్లీ సాగుతుంది. ఆ నొక్కుడూ సాగుడే వేడిగా మారుతుంది. రబ్బరు ఎంత మందంగా ఉంటే అంత ఎక్కువ వేడి పుడుతుంది, అంత నెమ్మదిగా బయటికి పోతుంది. లగ్ టైరుకు అంచుల దగ్గర రబ్బరు బాగా మందం. ఆల్ టెరైన్ దిమ్మెలు ఒక్కొక్కటీ విడిగా ఊగుతాయి కాబట్టి వాటిలోనూ ఈ నలుగుడు ఎక్కువ. క్వారీలో 20 కిలోమీటర్ల వేగంతో తిరిగినంతసేపు ఈ వేడి లెక్కలోకి రాదు. అదే టైరు నిండు లోడుతో, గాలి నాలుగైదు పాయింట్లు తక్కువగా, ఎండలో గంటల తరబడి 80 మీద పరుగెత్తితే లోపలి పొరల మధ్య అంటు వదలడం మొదలవుతుంది. బయటికి ఏమీ కనిపించదు. చివరికి పై రబ్బరు మొత్తం చీలికలుగా లేచిపోతుంది. వేసవిలో అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డు వారల్లో, హైదరాబాద్–విజయవాడ రోడ్డు వారల్లో పడి ఉండే పొడవాటి టైరు పేలికలను చూడనివారుండరు. అవన్నీ లగ్ టైర్లవని నేను అనడం లేదు. అరిగిన రీబటన్ టైర్లవీ (పాత టైరు మీద కొత్తగా రబ్బరు పొర వేసినవి), గాలి తక్కువైన హైవే టైర్లవీ వాటిలో ఉంటాయి. ఒకే లోడు, ఒకే గాలి, ఒకే వేగం అయినప్పుడు ముందుగా వేడెక్కేది మందం రబ్బరున్న టైరు అన్నదే నా మాట.

ఈ సందర్భంలో ఒక దురలవాటును ప్రస్తావించక తప్పదు. టైరు వేడెక్కినప్పుడు లోపలి గాలి వ్యాకోచించి పీడనం పెరగడం సహజం. దాన్ని చూసి భయపడి కొందరు డ్రైవర్లు దారిలో బండి ఆపి గాలి తీసేస్తారు. తీసిన తరువాత టైరు ఇంకా ఎక్కువ నలుగుతుంది, ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది. గాలి కొలవవలసింది తెల్లవారుజామున, బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు. కంపెనీ చెప్పిన అంకె ఆ చల్లని టైరుకే వర్తిస్తుంది.

వాన రోజుల్లో తారు మీద పట్టు విషయంలోనూ జనంలో ఒక అపోహ ఉంది. సందులు పెద్దవి కాబట్టి దిమ్మెల టైరు వానలో బాగా ఆగుతుందని అనుకుంటారు. ఆగడానికి కావలసింది రోడ్డుకు ఆనే రబ్బరు. దిమ్మెల టైరులో సందులు ఎంత వెడల్పైతే రోడ్డుకు తగిలే రబ్బరు అంత తక్కువ. బ్రేకు వేసినప్పుడు దిమ్మెలు ముందుకు వంగుతాయి కూడా. కాబట్టి తడి తారు మీద మంచి హైవే టైరు ఆగే దూరంలో సాధారణంగా ఆల్ టెరైన్ ఆగదు, ఇంకొంత ముందుకు పోతుంది. తొలకరి జల్లుకు రోడ్డు మీది దుమ్మూ ఆయిలూ కలిసి జిడ్డుగా మారినప్పుడు ఈ తేడా ఇంకా బయటపడుతుంది. పాడేరు ఘాట్, మారేడుమిల్లి ఘాట్ అంటే కొండ దారి కాబట్టి దిమ్మెల టైర్లే ఉండాలని చాలామంది అనుకుంటారు. ఆ ఘాట్ రోడ్లు తారు వేసినవే. అక్కడ వానలో దిగుడు మలుపుల దగ్గర బండిని కాపాడేది బ్రేకులూ, రోడ్డును పూర్తిగా ఆనుకునే టైరూ.

అరుగుదల సంగతి చేత్తో తడిమి తెలుసుకోవచ్చు. తారు మీదే తిరిగిన దిమ్మెల టైరు మీద అరచేతిని ఒక దిశలో పోనిస్తే నున్నగా తగులుతుంది, ఎదురు దిశలో పోనిస్తే రంపం పళ్లలా గీరుకుంటుంది. ప్రతి దిమ్మె ఒక అంచున ఎక్కువ, రెండో అంచున తక్కువ అరిగి ఉంటుంది. అక్కడి నుంచి చప్పుడు మొదలవుతుంది. 50 దాటగానే బండి కింద నుంచి ఒకే స్థాయిలో హోరు వస్తుంది. బేరింగు పోయిందేమోనని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లేవారు కూడా ఉన్నారు. ఆ పళ్లు పడిన తరువాత అలైన్‌మెంటు చేయించినా, చక్రాలు మార్చి వేయించినా ఆ చప్పుడు పూర్తిగా పోదు. దానికన్నా ముఖ్యమైనది డీజిలు. దిమ్మెల టైరు బరువు ఎక్కువ, దొర్లడానికి తీసుకునే శక్తి ఎక్కువ. లీటరుకు 12 కిలోమీటర్లు ఇచ్చే బండి 11.5కు పడిపోయిందనుకుందాం. ఏడాదికి 40,000 కిలోమీటర్లు తిరిగే బండి అదనంగా తాగేది దాదాపు 145 లీటర్లు. టైరు కొన్నప్పుడు ధరలో ఉన్న తేడాను మాత్రమే చూసేవారు ఈ లెక్క కూడా వేసుకోవాలి.

అన్నింటికన్నా నన్ను భయపెట్టే విషయం బరువు సామర్థ్యం. మార్కెట్లో ఆకర్షణీయంగా కనిపించే ఆల్ టెరైన్ టైర్లలో చాలా వరకు జీపుల కోసం, ఎస్‌యూవీల కోసం చేసినవి. మనుషులను మోసే బండికి చేసిన టైరు, టన్నున్నర సరుకు మోసే బండికి పనికిరాదు. రిమ్ముకు సరిపోతే చాలు, బండికి సరిపోయినట్టేనని కొందరు దుకాణదారులు బిగించేస్తున్నారు. టైరు పక్కగోడ మీద కొలత తరువాత ఒక అంకె, ఒక అక్షరం ఉంటాయి. ఆ అంకె ఆ టైరు మోయగలిగే బరువుకు సంకేతం. 100 అని ఉంటే 800 కిలోలు, 112 అని ఉంటే 1,120 కిలోలు. చూడడానికి పన్నెండు అంకెల తేడాయే. ఒక్కో టైరుకు అది 320 కిలోలు, నాలుగు టైర్లకు కలిపి 1,280 కిలోలు. అంటే తక్కువ అంకె టైర్లు వేసుకున్న బండి, కాగితాల మీద అనుమతించిన లోడు ఎత్తినా, టైర్ల లెక్కలో అది అధిక లోడే. ఇక అక్షరం వేగానికి సంకేతం. ‘ఎఫ్’ అంటే గంటకు 80 కిలోమీటర్లు, ‘జె’ అంటే 100, ‘కె’ అంటే 110, ‘ఎల్’ అంటే 120. జోడు చక్రాలకు వాడే లారీ టైరు మీద గీతతో విడదీసిన రెండు అంకెలుంటాయి. 146/143 అంటే ఒంటరిగా ఉన్నప్పుడు 3,000 కిలోలు, జోడులో ఉన్నప్పుడు 2,725 కిలోలు. ఇవి ఎవరో ఇంజనీరు మాత్రమే చదవవలసిన రహస్యాలు కావు. పాత టైరు మీద ఉన్న అంకె కన్నా కొత్త టైరు మీది అంకె తక్కువ ఉండకూడదన్న ఒక్క మాట పట్టుకుంటే చాలు. అలాగే నాలుగు అంకెల తయారీ తేదీ ఉంటుంది, 2324 అంటే 2024వ సంవత్సరం 23వ వారం. గోదాములో ఏళ్ల తరబడి పడి ఉన్న టైరును కొత్తదిగా అంటగట్టకుండా అది కాపాడుతుంది.

ఇంతవరకు చదివినవారు నేను ఆల్ టెరైన్ టైర్లకే వ్యతిరేకినని అనుకోవచ్చు. కాదు. చింతూరు, వై.రామవరం వైపు గూడేలకు సంత సరుకులు తోలే పికప్‌లకు, ఎర్రమట్టి బాటల్లోనూ రాతి వాగుల్లోనూ దాటుకుంటూ పోయే బండ్లకు అవే కావాలి. అక్కడ హైవే టైరు వేస్తే పక్కగోడ రాతికి చీరుకుపోతుంది, వాగు గట్టు ఎక్కే చోట చక్రం ఉన్న చోటే తిరుగుతుంది. అడవుల్లో కరెంటు లైన్లు సరిచేసే సిబ్బంది బండ్లకు, తారు రోడ్డు లేని గూడేల్లోకి వెళ్లే వైద్య వాహనాలకు ఇవి విలాసం కాదు, పని సాధనం. చీమకుర్తి గ్రానైటు క్వారీల్లో, బేతంచెర్ల నాపరాతి గనుల్లో, సింగరేణి ఓపెన్‌కాస్టుల చుట్టుపక్కల రోజంతా రాళ్ల మీదే తిరిగే టిప్పర్లకు లగ్ టైరు తప్పనిసరి. తిరిగే కిలోమీటర్లలో సగమో అంతకన్నా ఎక్కువో తారు లేని దారి అయితే నా ఓటు కూడా వాటికే. ఎటొచ్చీ క్వారీ నుంచి ఓడరేవు దాకా హైవే మీద వందల కిలోమీటర్లు పోయే బండికీ, క్వారీ లోపలే తిరిగే బండికీ ఒకే టైరు వేయడం సరికాదు.

లారీల్లో మన పాత డ్రైవర్లకు ఈ విషయంలో ఉన్న తెలివిడి పికప్‌ల యజమానులకు రాలేదనిపిస్తుంది. పది టైర్ల లారీకి ముందు రెండు చక్రాలకు రిబ్ టైర్లు, ఇంజను లాగే వెనుక చక్రాలకు లగ్ లేదా సెమీ లగ్ వేయడం ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. ముందు చక్రం పని దారి చూపడం, వెనుక చక్రం పని లాగడం. పత్తి, ధాన్యం తోలే పికప్‌లకు కూడా ఇదే దారి మంచిదని నా అభిప్రాయం. ముందు రెండూ హైవే టైర్లు, వెనుక చక్రాలకు మాత్రం అదే కొలతలో, అదే బరువు సామర్థ్యంతో, వాణిజ్య వాహనాల కోసమే చేసిన సెమీ లగ్. ఒకే ఇరుసు మీద మాత్రం ఎన్నడూ రెండు రకాలు కలపకూడదు. జోడు చక్రాల్లో ఒకటి కొత్త లగ్, పక్కది అరిగిన రిబ్ అయితే ఎత్తు తేడా వల్ల బరువంతా కొత్తదాని మీదే పడుతుంది, అదే ముందు వేడెక్కుతుంది. లోపల ఉక్కు తీగల పొరలుండే రేడియల్ టైరును, నైలాన్ దారాల పొరలుండే నైలాన్ టైరును ఒకే ఇరుసు మీద వేయడం కూడా అంతే ప్రమాదం. జోడు టైర్ల మధ్య ఇరుక్కున్న రాయిని ప్రతి ట్రిప్పు తరువాత తీసేయాలి. దిమ్మెల సందుల్లో చిక్కిన చిన్న కంకర రాయి కూడా, తీయకపోతే, చక్రం తిరిగిన కొద్దీ లోపలికి తొలుచుకుపోయి ఉక్కు తీగల దాకా చేరుతుంది. ఆ రంధ్రంలో వాన నీరు చేరితే తీగలు తుప్పు పడతాయి. అలా పాడైన టైరు రీబటన్‌కు కూడా పనికిరాదు. మంచి రోడ్డు మీద సరైన గాలితో నడిచిన హైవే టైరు లోపలి భాగం గట్టిగా నిలుస్తుంది కాబట్టి దానికి రీబటన్ వేయించి వెనుక చక్రాలకు వాడుకోవచ్చు. లారీ యజమానికి ఇది చిన్న మొత్తం కాదు. ముందు చక్రాలకు మాత్రం రీబటన్ టైరు వేయకపోవడమే క్షేమం.

చట్టం ఏమంటోందో కూడా చెప్పాలి. కార్లు, లారీలు వంటి వాహనాల టైర్లకు గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలని కేంద్ర మోటారు వాహన నిబంధనలు చెబుతున్నాయి. గాడి అడుగున చిన్న గట్టులాంటి గుర్తు ఉంటుంది, టైరు అరిగి ఆ గట్టుతో సమానమైతే దాన్ని మార్చవలసిందే. 2022లో కేంద్ర రవాణా శాఖ కార్లు, తేలికపాటి సరుకు వాహనాలు, లారీలు, బస్సుల టైర్లకు దొర్లే నిరోధం (చక్రం దొర్లడానికి ఎదురయ్యే అడ్డు), తడి రోడ్డు మీద పట్టు, చప్పుడు అనే మూడు అంశాల్లో ప్రమాణాలను తప్పనిసరి చేస్తూ నోటిఫికేషన్ ఇచ్చింది. అంటే కొనేవారికి నిజంగా కావలసిన మూడు అంశాలనూ ప్రభుత్వమే గుర్తించింది. ఆ సమాచారం దుకాణంలో కొనేవాడి దాకా రాకపోవడమే లోపం. అలాగే కంపెనీ ఇచ్చిన కొలతను కాదని పెద్ద టైర్లు వేయించుకోవడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద చిక్కులు తెచ్చిపెట్టగలదు. చక్రం వ్యాసం పెరిగితే స్పీడోమీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపిస్తుంది, బ్రేకుల మీద భారం పెరుగుతుంది.

2018లో సరుకు వాహనాల ఇరుసు బరువు పరిమితిని కేంద్రం పెంచింది. మూడు ఇరుసుల లారీ మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెరిగింది. పెంపు లారీ యజమానులకు మేలు చేసిందన్నది నిజమే. కానీ అప్పటి పాత బండ్ల మీద ఉన్న టైర్లు పాత లెక్కకు ఎంచుకున్నవి. బరువు పరిమితి మారినప్పుడు టైరు కూడా మారాలన్న మాట యజమానులకు ఎవరూ గట్టిగా చెప్పలేదు.

ఇక నా విజ్ఞప్తులు. రవాణా వాహనానికి మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, ఆ తరువాత ఏటా ఫిట్‌నెస్ పరీక్ష జరుగుతుంది. ఆ పరీక్షలో గాడి లోతుతో పాటు టైరు మీది బరువు అంకెను, వేగం అక్షరాన్ని బండి కాగితాలతో సరిచూసి, ఆ వివరాన్ని సర్టిఫికెట్టులో రాయాలని రెండు రాష్ట్రాల రవాణా శాఖలను కోరుతున్నాను. దీనికి కొత్త యంత్రం అక్కర్లేదు, పక్కగోడను చదివే ఓపిక ఉంటే చాలు. టైర్ల దుకాణాలు బిల్లు మీద కంపెనీ పేరు, ధరతో పాటు టైరు రకం, బరువు అంకె, తయారీ వారం రాసి ఇవ్వాలి. టైర్ల తయారీలో మన రెండు రాష్ట్రాలకు తక్కువ స్థానం లేదు. సదాశివపేటలో ఎంఆర్ఎఫ్, తిరుపతి జిల్లా చినపాండూరులో అపోలో, అచ్యుతాపురంలో యొకొహామా కర్మాగారాలున్నాయి. ఆ కంపెనీల డీలర్లు మిర్చి యార్డు, పత్తి మార్కెట్ల దగ్గర సీజను మొదట్లో ఒక రోజు శిబిరం పెట్టి, గాలి కొలిచి, టైర్లు చూసి, డ్రైవర్లకు తెలుగులో చెప్పి పంపితే ఎంతో ఉపయోగం.

మరో సంగతి మార్కెట్ కమిటీలకు. రైతు సరుకు మీద వసూలయ్యే సెస్సు నుంచి పొలాలకు లింకు రోడ్లు వేసే ఆనవాయితీ మన దగ్గర ఉంది. ఒక ఊరి బండ్లన్నీ రెండు కిలోమీటర్ల డొంక కోసం మట్టి టైర్లు వేయించుకుని, వంద కిలోమీటర్ల తారు రోడ్డు మీద వాటి నష్టాన్ని భరించడం కన్నా, ఆ డొంకలో బండ్లు దిగబడే నాలుగు చోట్ల కంకర వేసి తూము పెట్టించడం ఎంతో తక్కువ ఖర్చు. బండ్లు ఎక్కడ దిగబడతాయో ప్రతి ఊళ్లోనూ డ్రైవర్లకు తెలుసు. వచ్చే వానాకాలం లోపు కమిటీలు వారిని అడిగి ఆ చోట్ల జాబితా తయారు చేసుకుని, పత్తి బండ్లు కదిలే లోపే పనులు పూర్తి చేయాలని కోరుతున్నాను.

మీ పత్రికకు కూడా ఒక మనవి. టైరు పేలిన ప్రమాదం గురించి రాసేటప్పుడు మీ విలేకరులు ఆ టైరు పక్కగోడను ఒకసారి చూసి, దాని రకం, అంకె, తయారీ సంవత్సరం వార్తలో చేర్చవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
ఒక సరుకు రవాణా వాహనాల యజమాని,
పల్నాడు జిల్లా